ఒక్కసారే ఇచ్చే స్నానం

దోసెడు నీళ్లు, ఒక్క వాక్యం, పుస్తకంలో ఒక్క పంక్తి. కతోలిక జ్ఞానస్నానంలో పైకి కనిపించేది ఇంతే. కాని ఒకసారి జరిగినదానిని మళ్లీ జరపడానికి వీల్లేదు. రద్దు చేయడానికి అంతకన్నా వీల్లేదు. ఈ ఒక్క నియమం ఎన్నో జీవితాలను మలుపు తిప్పింది.

2020 ఆగస్టు 6వ తేదీన రోమ్ నుంచి ఒక చిన్న ప్రకటన వెలువడింది. జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు ‘నేను నీకు జ్ఞానస్నానమిస్తున్నాను’ అనడానికి బదులు ‘మేము నీకు జ్ఞానస్నానమిస్తున్నాము’ అని పలికితే ఆ సంస్కారం చెల్లుతుందా అన్న ప్రశ్నకు అది సమాధానం. చెల్లదని విశ్వాస సిద్ధాంత విషయాలను పర్యవేక్షించే వాటికన్ కార్యాలయం తేల్చి చెప్పింది. అట్లా పొందినవారు అసలు పొందనివారికిందే లెక్క. వారికి తిరిగి మొదటినుంచీ ఇవ్వవలసిందే.

అమెరికాలోని డెట్రాయిట్ అగ్రపీఠంలో గురుపట్టం పొంది మూడేళ్లయిన ఒక యువ గురువు ఈ ప్రకటన చదివి నిర్ఘాంతపోయాడు. 1990లో, తాను పసిబిడ్డగా ఉన్నప్పుడు జరిగిన జ్ఞానస్నానాన్ని ఇంటివారు వీడియో తీయించారు. ఆ వీడియోలో, సంస్కారం జరిపించిన డీకన్ ‘మేము’ అనే పలికాడు. సాక్ష్యం కళ్లెదుటే ఉన్నది.

జ్ఞానస్నానం లేనివానికి మరే దివ్యసంస్కారమూ చెల్లదు. కనుక అతని అభ్యంగనం చెల్లలేదు, గురుపట్టమూ చెల్లలేదు. గురువు కానివాడు సమర్పించిన పూజాబలులు, ఇచ్చిన పాపవిమోచనాలు ఏమైనట్లు? అగ్రపీఠం అతని వద్ద సంస్కారాలు పొందినవారందరినీ సంప్రదించవలసి వచ్చింది. అదే నెలలో అతనికి జ్ఞానస్నానమిచ్చారు, అభ్యంగనమిచ్చారు, డీకన్ పట్టమిచ్చారు. ఆగస్టు 17న మళ్లీ గురువుగా అభిషేకించారు. పసితనం నుంచి నడిచి వచ్చిన దారినంతటినీ అతడు కొన్ని రోజులలో తిరిగి నడిచాడు.

ఈ గందరగోళంలో ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మూడేళ్లలో అతడు ఇతరులకు ఇచ్చిన జ్ఞానస్నానాలన్నీ చెల్లాయి. ఎందుకంటే జ్ఞానస్నానం ఇవ్వడానికి గురువే కానక్కరలేదు. ఆ మాటకొస్తే, ఇచ్చేవాడు జ్ఞానస్నానం పొందినవాడే కానక్కరలేదు.

ఒక్క సర్వనామం మారితే కూలిపోయే సంస్కారం, ఇచ్చేవాని అర్హత విషయంలో ఇంత ఉదారంగా ఎట్లా ఉన్నది? ఈ చిక్కుముడి విప్పితే కతోలిక క్రైస్తవం తన తొలి సంస్కారాన్ని గురించి ఏమనుకొంటున్నదో చాలావరకు తెలుస్తుంది.

ఇచ్చేది ఎవరు?

పురిటి గదిలో బిడ్డ కొనఊపిరితో ఉన్నప్పుడు గురువు వచ్చేదాకా వేచి ఉండనక్కరలేదు. డాక్టరు గాని, నర్సు గాని, మంత్రసాని గాని ఆ పని చేయవచ్చు. వారు హిందువులైనా, ముస్లిములైనా, దేవుడే లేడనేవారైనా సరే. కావలసినవి మూడు. మొదటిది నిజమైన నీరు. బావిదైనా, ఏటిదైనా, కుళాయిదైనా ఫరవాలేదు. పాలు, నూనె పనికిరావు. రెండవది, నీరు పోస్తూ పితకు, పుత్రునకు, పవిత్రాత్మకు చెందిన నామాన పలికే ఆ ఒక్క వాక్యం. మూడవది, ఈ చర్యద్వారా క్రైస్తవ సంఘం చేయదలచినదే తానూ చేయాలన్న ఉద్దేశం.

ఈ ఉదారత ఒక పాత తగవులోంచి పుట్టింది. 3వ శతాబ్ది మధ్యలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ పీఠాధిపతి సిప్రియన్, సంఘంనుంచి చీలిపోయినవారు ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదనీ, అది పొందినవారు తిరిగివస్తే మళ్లీ ఇవ్వాలనీ వాదించాడు. రోమ్ పీఠాధిపతి స్తెఫాను ఒప్పుకోలేదు. నూటయాభై ఏళ్ల తరువాత అదే ఆఫ్రికాలో అగస్టీన్ ఈ వాదాన్ని ఒక కొలిక్కి తెచ్చాడు. హింసకు భయపడి లొంగిపోయిన గురువుల చేతిమీదుగా జరిగినది శుద్ధం కాదని డొనాటిస్టు వర్గం వారు అంటుండేవారు. అగస్టీన్ సమాధానం సూటిగా ఉన్నది: జ్ఞానస్నానం ఇచ్చేవాని సొత్తు కాదు, క్రీస్తు సొత్తు. ఇచ్చే చెయ్యి ఎవరిదైనా స్నానం చేయించేది ఆయనే. కనుక చేతికి మురికి ఉన్నంత మాత్రాన స్నానం చెడదు.

మరి ఒకసారి పొందినవాడు విశ్వాసం వదులుకొంటే? దీనికి అగస్టీన్ తన కాలపు సైన్యంనుంచి పోలిక తెచ్చాడు. రోమన్ సైనికుని ఒంటిమీద ఒక ముద్ర వేసేవారు. వాడు సైన్యంనుంచి పారిపోయినా ఆ ముద్ర చెరగదు. తిరిగివచ్చినప్పుడు మళ్లీ వేయరు. జ్ఞానస్నానం ఆత్మమీద పడే అటువంటి ముద్ర. ప్రొటెస్టెంటు సంఘాలలో నీటితో, త్రిత్వ నామాన బాప్తిస్మం పొందినవారు కతోలికులైనప్పుడు వారికి మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వకపోవడానికి కారణం ఇదే. పూర్వం జరిగిందో లేదో నిజంగా తెలియనప్పుడు మాత్రం ‘నీకు ఇంతవరకు జరగకపోయినట్లయితే’ అన్న షరతు చేర్చి ఇస్తారు. రెండుసార్లు ఇచ్చిన దోషం తగలకుండా వేసిన ముందడుగు అది.

ఇప్పుడు ‘మేము’ ఎందుకు కూడదో బోధపడుతుంది. ఆ మాట పలికితే స్నానమిస్తున్నది చుట్టూ చేరిన తల్లిదండ్రులు, బంధువులు, సంఘం అని అర్థం వస్తుంది. ‘నేను’ అన్నప్పుడు ఆ ఒక్కరి నోట పలికేది క్రీస్తే అని కతోలికుల విశ్వాసం. కొందరు గురువులు ఆదరభావంతోనే, అందరినీ కలుపుకోవాలన్న సదుద్దేశంతోనే మాట మార్చి ఉండవచ్చు. ఫలితం మాత్రం తీవ్రంగా ఉన్నది. అమెరికాలోనే ఫీనిక్స్ పీఠంలో ఒక గురువు ఏళ్ల తరబడి ‘మేము’ అంటూ వచ్చాడు. వేలాదిమంది జ్ఞానస్నానాలు ప్రశ్నార్థకమయ్యాయి. 2022 ఫిబ్రవరి 1న ఆయన తన విచారణ బాధ్యతలనుంచి తప్పుకున్నాడు.

తలుపు దగ్గర మొదలయ్యే పయనం

‘బాప్తిస్మం’ అన్నది గ్రీకునుంచి వచ్చిన మాట; ముంచడమని దాని అర్థం. తెలుగు ప్రొటెస్టెంట్లు ఆ మాటనే నిలుపుకొన్నారు. కతోలికులు జ్ఞానస్నానం అన్నారు. తమిళంలోనూ ఈ మాట ఉన్నది. తెలుగువారి చెవికి స్నానమంటే మళ్లీ మళ్లీ చేసేది. గంగాస్నానం, సంక్రమణ స్నానం, పన్నెండేళ్లకోసారి తిరిగివచ్చే పుష్కర స్నానం—మురికి తిరిగి అంటుతుంది కనుక స్నానమూ తిరిగి చేయాలి. కాని ఈ స్నానం శుభ్రపరచి ఊరుకొనేది కాదు, ఇది పుట్టుక. పుట్టుక రెండుసార్లు జరగదు.

ఆ భావాన్నే కర్మకాండ అంతా అడుగడుగునా చూపుతుంది. గురువు బిడ్డను గుడి తలుపు దగ్గర ఎదుర్కొంటాడు. బిడ్డకు ఏ పేరు పెట్టారని, సంఘంనుంచి ఏమి కోరుతున్నారని తల్లిదండ్రులను అడుగుతాడు. బిడ్డ నుదుట సిలువ గుర్తు వేస్తారు. వాక్యం చదివిన తరువాత రొమ్మున తైలం పూస్తారు. తల్లిదండ్రులు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి సాతానును త్యజిస్తున్నామని చెప్పి, విశ్వాసాన్ని ప్రకటిస్తారు. అప్పుడు మూడుసార్లు నీరు పోయడమో, నీటిలో ముంచడమో జరుగుతుంది. నడినెత్తిన పరిమళతైలం, ఒంటిమీద తెల్లని వస్త్రం, పాస్కా దీపంనుంచి వెలిగించిన కొవ్వొత్తి—అన్నీ కలిపి అరగంట పట్టదు.

జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి గౌరవార్థం నిలబడే బంధువులు కారు. వారిలో ఒక్కరున్నా చాలును. కాని ఆ వ్యక్తికి సాధారణంగా పదహారేళ్లు నిండి, అభ్యంగనం పొంది ఉండాలి. కన్నవారు ఆ స్థానంలో నిలబడడానికి వీల్లేదు. తల్లిదండ్రులు తడబడిననాడు విశ్వాసపు దారి చూపడానికి మరొక మనిషి కావాలన్నదే అందులోని ఆలోచన.

ఇది ఆరంభం మాత్రమే. కతోలిక జీవితంలోకి పూర్తిగా ప్రవేశించడానికి మూడు మెట్లున్నాయి: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం. పుట్టుక, బలం, భోజనం అన్నమాట. అభ్యంగనం కూడా ఒక్కసారే. సత్ప్రసాదం మాత్రం ఆకలివలె మళ్లీ మళ్లీ.

జంకినవారు, తొందరపడినవారు

తొలి శతాబ్దులలో ఈ మూడు మెట్లూ ఒకే రాత్రి ఎక్కేవారు. అది క్రీస్తు పునరుత్థానాన్ని స్మరించే పాస్కా రాత్రి. అంతకుముందు దీర్ఘకాలం శిక్షణ ఉండేది. కొన్ని ప్రాంతాలలో మూడేళ్లు. ఆ కాలంలో వారు వాక్యం వినవచ్చు గాని, సత్ప్రసాద భాగం మొదలుకాకముందే గుడి బయటికి వెళ్లిపోవాలి. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న దూరా యూరోపస్ పట్టణంలో 3వ శతాబ్దినాటి ఒక ఇంటిని పురావస్తు శాస్త్రజ్ఞులు 1930 ప్రాంతాలలో వెలికితీశారు. ఆ ఇంట్లో ఒక గదిని జ్ఞానస్నానం కోసం తొట్టితో, గోడచిత్రాలతో ప్రత్యేకంగా అమర్చుకొన్నారు. హింసల కాలంలో ఆ తొట్టిలోకి దిగినవాడు దిగివచ్చే ప్రమాదం ఎరిగే దిగేవాడు.

హింసలు ఆగిన తరువాత ఒక వింత జరిగింది. జ్ఞానస్నానంతో అప్పటివరకు చేసిన పాపాలన్నీ తొలగిపోతాయి. అది ఒక్కసారే దొరుకుతుంది. అటువంటప్పుడు దానిని ముందే ఖర్చుచేసుకోవడం ఎందుకు? 4వ శతాబ్దిలో చాలామంది ఇట్లాగే ఆలోచించి వాయిదా వేశారు. క్రైస్తవానికి రాజాశ్రయమిచ్చిన కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో మరణశయ్యమీద గాని జ్ఞానస్నానం పొందలేదు. 374లో మిలాన్ ప్రజలు అంబ్రోసును పీఠాధిపతిగా ఎన్నుకొన్నప్పుడు ఆయనకు ఇంకా జ్ఞానస్నానమే కాలేదు. వారం రోజులలో స్నానం, పట్టాభిషేకం రెండూ జరిపించవలసి వచ్చింది. అగస్టీన్ చిన్నతనంలో ప్రాణంమీదికి వచ్చినప్పుడు తల్లి మోనిక జ్ఞానస్నానానికి ఏర్పాట్లు చేసింది. జబ్బు నయం కాగానే దానిని వాయిదా వేశారు. చివరకు 387 పాస్కా రాత్రి, తన ముప్పైమూడవ ఏట, కుమారునితో కలసి మిలాన్‌లో అంబ్రోసు చేతిమీదుగా ఆయన ఆ స్నానం పొందాడు. ఎనిమిది కోణాల ఆ స్నానమందిరపు పునాదులు మిలాన్ ప్రధాన దేవాలయం కింద ఈనాటికీ కనిపిస్తాయి. ఏడు రోజుల వారానికి అవతలి ఎనిమిదవ దినం, కొత్త సృష్టికి గుర్తు.

కాని జన్మపాపాన్ని గురించి అగస్టీన్ చేసిన బోధ తరువాతి తరాలను సరిగ్గా ఎదురు దారి పట్టించింది. ప్రతి శిశువూ ఆదాము దోషంతోనే పుడుతున్నదనీ, ఆ దోషం తొలగకుండా మరణిస్తే మోక్షం లేదనీ ఆయన నమ్మాడు. పుట్టిన బిడ్డలలో ఎందరో తొలి ఏడాది దాటని కాలమది. ఇక తల్లిదండ్రులు ఆలస్యం చేస్తారా? ఒకనాడు మరణందాకా వాయిదా పడిన సంస్కారం, పురిటి గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

తొందరతో మూడు మెట్లూ విడిపోయాయి. పాశ్చాత్య సంఘంలో అభ్యంగనం పీఠాధిపతి హక్కు. ఆయన పుట్టిన ప్రతి బిడ్డ దగ్గరికీ వెంటనే రాలేడు. కనుక అది ఏళ్ల తరబడి వెనుకబడింది. బుద్ధి తెలిసిన వయస్సులో సత్ప్రసాదం అన్న నియమం 1215నాటి లాటరన్ మహాసభతో బలపడింది. కాలక్రమాన అది పది పన్నెండేళ్లకు, ఇంకా పైకి జరిగింది. పదవ భక్తినాథ పోపు 1910లో ఆ వయస్సును ఏడేళ్ల ప్రాంతానికి దించాడు. దానితో చాలాచోట్ల అభ్యంగనంకంటే సత్ప్రసాదమే ముందు వచ్చి, మెట్ల వరుస తారుమారైంది. తూర్పు సంఘాలు ఈ చీలికను అంగీకరించలేదు. మన కేరళలోని సీరో మలబార్ కతోలికులు నేడు జ్ఞానస్నానంతోపాటే అభ్యంగనమూ ఇస్తారు.

బొలోన్యా బాలుడు

‘ఒక్కసారి జరిగితే జరిగినట్లే’ అన్న నియమం ఎంత కఠినంగా పరిణమించగలదో 1858లో ప్రపంచం చూసింది. పోపు పాలనలో ఉన్న బొలోన్యా నగరంలో మొర్తారా అనే యూదు కుటుంబం ఉండేది. వారి కుమారుడు ఎద్గార్దో ఏడాదైనా నిండకముందు జబ్బుపడితే, చనిపోతాడేమోనన్న భయంతో ఇంట్లో పనిచేసే క్రైస్తవ బాలిక ఎవరికీ చెప్పకుండా అతనిమీద నీళ్లు చిలకరించి ఆ వాక్యం పలికింది. పిల్లవాడు బ్రతికాడు. కొన్నేళ్లకు సంగతి అధికారుల చెవిని పడింది. జ్ఞానస్నానం చెల్లింది గనుక పిల్లవాడు క్రైస్తవుడు. ఆ రాజ్య చట్టం ప్రకారం క్రైస్తవ బిడ్డ యూదుల ఇంట పెరగరాదు. 1858 జూన్‌లో పోలీసులు వచ్చి ఆరేళ్ల పిల్లవానిని తల్లిదండ్రుల చేతులనుంచి తీసుకుపోయారు.

ఐరోపా అంతటా, అమెరికాలోనూ నిరసనలు చెలరేగాయి. తొమ్మిదవ భక్తినాథ పోపు మాత్రం పిల్లవానిని తిరిగి ఇవ్వలేదు. ఎద్గార్దో పెరిగి గురువయ్యాడు. 1940లో బెల్జియంలో మరణించాడు. అతడు తన మార్గాన్ని ఎన్నడూ తప్పుపట్టలేదు. కాని ఆ తల్లిదండ్రుల దుఃఖానికి అది సమాధానం కాదు. పోపుల రాజ్యం పతనం కావడానికి అనుకూలంగా ప్రజాభిప్రాయాన్ని మలచినవాటిలో ఈ ఘటన ఒకటని చరిత్రకారులంటారు.

ఈనాటి నియమాలు మారాయి. 1983నాటి కతోలిక ధర్మశాస్త్రం ప్రకారం తల్లిదండ్రులలో ఒకరైనా అంగీకరించాలి; బిడ్డ ఆ విశ్వాసంలో పెరుగుతుందన్న ఆశకు ఆధారముండాలి. ఆ ఆశ బొత్తిగా లేనప్పుడు జ్ఞానస్నానాన్ని వాయిదా వేయవలసిందే. అయితే ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు తల్లిదండ్రులు వద్దన్నా ఇవ్వవచ్చుననే నిబంధన అదే శాస్త్రంలో ఇప్పటికీ ఉన్నది. దాని వెనుకనున్న భయం మాత్రం తగ్గింది. జ్ఞానస్నానం లేకుండా మరణించిన పసిపిల్లలు బాధా, దైవదర్శనమూ లేని ‘లింబో’ అనే స్థితిలో ఉంటారని మధ్యయుగాల వేదాంతులు ఊహించారు. వారికి కూడా మోక్షం లభిస్తుందని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని వాటికన్ నియమించిన వేదాంత సంఘం 2007లో ప్రకటించింది.

ఉమ్మి, ఉప్పు, కులం

మనదేశంలో జ్ఞానస్నానం మరొక విధమైన వివాదానికి కారణమైంది. దక్షిణ తీరాన ముత్యాలు తీసే పరవలు 1535-37 మధ్య మూకుమ్మడిగా జ్ఞానస్నానం పొందారు. వారికి బోధ చేసేవారే కరువయ్యారు. 1542లో ఆ తీరానికి వచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్ ప్రార్థనలను తమిళంలోకి మార్పించి ఊరూరా తిరిగాడు. స్నానమిచ్చి ఇచ్చి చేతులు లేవని రోజులున్నాయని ఆయన లేఖలు చెబుతాయి. 1606లో మధుర చేరిన రాబర్ట్ దె నొబిలి మరొక దారి తొక్కాడు. కాషాయం ధరించాడు, శాకాహారం స్వీకరించాడు, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చాడు. జ్ఞానస్నానం పొందినవారు శిఖను, జందెమును, గంధాన్ని వదులుకోనక్కరలేదన్నాడు. 1623లో రోమ్ అందుకు అనుమతించింది.

తగవు అంతటితో తీరలేదు. ఆనాటి సంస్కార విధిలో గురువు బిడ్డ ముఖంమీద ఊదాలి. నాలుకమీద ఉప్పు వేయాలి. తన ఉమ్మిని వేలితో తీసి చెవులకు, ముక్కుకు రాయాలి. చెవిటివానిని క్రీస్తు స్వస్థపరచిన ఉదంతానికి అది అనుకరణ. ఐరోపావారికి అది భక్తి. ఎంగిలిని అశుచిగా భావించే ఈ దేశంలో అది రోత. మధురలోను, పుదుచ్చేరినుంచి బయలుదేరి పుంగనూరు, కృష్ణాపురం వంటి తెలుగు ప్రాంతాలలోను పనిచేసిన జెస్విటు గురువులు ఆ ఘట్టాన్ని దాటవేస్తూ వచ్చారు. 1704లో పోపు ప్రతినిధి తుర్నోన్ పుదుచ్చేరిలో ఉత్తర్వు జారీచేశాడు: ఉమ్మి, ఉప్పు, ఊదడం ఏవీ మానరాదు. నలభై ఏళ్లపాటు ఉత్తరప్రత్యుత్తరాలు, సడలింపులు, హెచ్చరికలు సాగాయి. 1744లో పద్నాలుగవ బెనెడిక్టు పోపు తుది తీర్పుతో ఆ అధ్యాయం ముగిసింది.

ఆ తగవులో కులమూ ఉన్నది. రోగంతో మంచంపట్టిన పంచముల ఇళ్లకు వెళ్లి గురువులు సంస్కారాలు ఇవ్వడంలేదన్నది తుర్నోన్ చేసిన ఆక్షేపణలలో ఒకటి. అగ్రకులాల మెప్పు పోతుందని వెళ్లేవారు కారు. ఎంగిలి విషయంలో స్థానికుల మనస్సెరిగిన ఉదారతే, అంటు విషయంలో మౌనంగా మారింది. ఒకే నీటిలో పుట్టినవారు గుడిలో వేరువేరుగా కూర్చున్న ఊళ్లు దక్షిణాదిన అనేకం. ఇక ఉమ్మి, ఉప్పు మాటకొస్తే, వాటిని 1969లో సవరించిన శిశు జ్ఞానస్నాన విధినుంచి రోమ్ తానే తొలగించింది. నేడు చెవులను, నోటిని ఉత్తచేతితో తాకితే చాలును.

పుస్తకంలోని పంక్తి

స్నానం జరిగిన వెంటనే విచారణ గురువు ఒక పుస్తకంలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు, తేదీ, స్థలం వ్రాస్తాడు. మనదేశంలో ఆ పంక్తి గుడిలోనే ఆగిపోదు. 1950నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాల పరిధినుంచి మినహాయించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో క్రైస్తవులైన దళితులకు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గం కింద ఒక్క శాతం రిజర్వేషన్ మాత్రమే ఉన్నది. గ్రామంలో జ్ఞానస్నానం కులాన్ని కడిగివేయదు. ప్రభుత్వ కాగితంలో మాత్రం కడిగివేస్తుంది. ఈ వైరుధ్యాన్ని పరిశీలించడానికి కేంద్రప్రభుత్వం 2022లో ఒక కమిషన్‌ను నియమించింది.

పుదుచ్చేరికి చెందిన ఒక యువతి ఉదంతం ఈ పంక్తి బరువును చూపుతుంది. తండ్రి హిందువు, తల్లి క్రైస్తవురాలు. పుట్టిన కొద్దివారాలకే ఆమెకు జ్ఞానస్నానం ఇచ్చారు. పెద్దదై ప్రభుత్వోద్యోగం కోసం షెడ్యూల్డు కుల ధ్రువపత్రం అడిగినప్పుడు అధికారులు నిరాకరించారు. తాను హిందువునేనన్నది ఆమె వాదం. ఆమె జ్ఞానస్నానాన్ని, చర్చికి వెళుతున్న వైనాన్ని పరిగణనలోకి తీసుకొని, తిరిగి హిందూమతంలోకి వచ్చినట్లు రుజువు లేదని చెప్పి, 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఆమె అప్పీలును కొట్టివేసింది. మతం అవకాశం కోసం ధరించి విడిచే వస్త్రం కాదన్నది ఆ తీర్పు సారాంశం. ఒడిలో ఉన్ననాడు జరిగినదానికి ఆమె సమ్మతి లేదు కదా అన్న ప్రశ్న మాత్రం చదివేవారి మనస్సులో నిలిచిపోతుంది.

ఐరోపాలో ఇదే ప్రశ్న మరొక రూపంలో వచ్చింది. పసితనంలో పొందిన జ్ఞానస్నానం తమకు వద్దని, పుస్తకంనుంచి తమ పేరు చెరిపివేయాలని కొందరు కోరుతున్నారు. బెల్జియంలో వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ 2023లో అటువంటి కోరికను సమర్థించింది. ఫ్రాన్సు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2024 ఫిబ్రవరిలో అందుకు భిన్నంగా, చెరపనక్కరలేదని చెప్పింది. సంఘం సమాధానం ఒక్కటే: ఆ వ్యక్తి నిష్క్రమించాడని అంచున వ్రాయగలం, జరిగిన ఘటన జరగలేదని వ్రాయలేం.

కోరుకొని వచ్చేవారు

రెండవ వాటికన్ మహాసభ 1963లో పెద్దల జ్ఞానస్నాన శిక్షణను పూర్వపద్ధతిలో పునరుద్ధరించాలని ఆదేశించింది. ఆ ప్రకారం 1972లో కొత్త విధి వెలువడింది. విశ్వాసం కోరి వచ్చిన వ్యక్తికి మొదట విచారించడానికి వ్యవధి ఇస్తారు. తరువాత సంఘం సమక్షంలో శిక్షణలోకి స్వీకరిస్తారు. తపస్సుకాలపు తొలి ఆదివారాన పీఠాధిపతి ఎదుట పేరు నమోదవుతుంది. మూడు, నాలుగు, అయిదు ఆదివారాలలో ఆత్మపరీక్షకు తోడ్పడే ప్రార్థనలుంటాయి. చివరకు పాస్కా రాత్రి, పూర్వంవలెనే, స్నానం, అభ్యంగనం, సత్ప్రసాదం ఒకదాని వెంట ఒకటి. పదహారు శతాబ్దులక్రితం అగస్టీన్ నడిచిన దారి మళ్లీ తెరుచుకొన్నది.

ఒకప్పుడు ప్రతి బిడ్డకూ అలవాటుగా జ్ఞానస్నానమిచ్చి, ఇటీవలి తరాలలో ఆ అలవాటు సన్నగిల్లిన దేశాలలోనూ ఆ దారిన పెద్దలు వస్తుండడం విశేషం. ఫ్రాన్సులో 2025 పాస్కా పండుగకు 10 వేల 300 మందికి పైగా పెద్దలు జ్ఞానస్నానం పొందారు. ముందటి సంవత్సరంకంటే ఇది 45 శాతం హెచ్చు. వీరిలో పలువురు ఇంట్లో దేవుని ప్రసక్తే లేకుండా పెరిగినవారు. కన్నవారు ఇవ్వనిదానిని వారు తామే అడిగి పుచ్చుకొన్నారు.

ఇచ్చినది మేలా, కోరుకొన్నది మేలా అంటే కతోలిక సంఘం రెంటినీ నిలుపుకొన్నది. శిశువుకు ఇవ్వడంలో, మనిషి అర్హత సంపాదించకముందే దేవుడు ప్రేమిస్తాడన్న నమ్మకం ఉన్నది. పెద్దలకు ఇవ్వడంలో, ఆ ప్రేమకు మనిషి తన నోటితో బదులు చెప్పాలన్న నమ్మకం ఉన్నది. శిశువుగా పొందినవాడు కూడా ఆ బదులు ఏనాటికైనా చెప్పవలసినవాడే. పాస్కా రాత్రి గుడిలోని వారంతా కొవ్వొత్తులు పట్టుకొని తమ జ్ఞానస్నాన వాగ్దానాలను తిరిగి పలికేది అందుకే. స్నానం మళ్లీ జరగదు. మాట మాత్రం ఏటేటా కొత్తగా ఇవ్వవలసి ఉంటుంది.

జ్ఞానస్నానపు తేదీని తెలుసుకొని పుట్టినరోజువలె గుర్తుంచుకోవలసిందిగా ఫ్రాన్సిస్ పోపు విశ్వాసులను తరచు కోరుతుండేవాడు. తెలియనివారు విచారణ గురువును అడిగి ఆ పుస్తకం తెరిపించవచ్చు. పంక్తి పక్కన కొంత ఖాళీ ఉంటుంది. ఆ వ్యక్తికి అభ్యంగనం జరిగితే, వివాహం జరిగితే, గురుపట్టం లభిస్తే ఆ వివరం, అది ఎక్కడ జరిగినా సరే, తిరిగివచ్చి ఇక్కడే నమోదవుతుంది.